అభాగ్యులా, బాధితులా, పీడితులా? కష్టంలో ఉన్నవాళ్ల గురించి రాసేటప్పుడు ఏ మాట ఎంచుకోవాలి

కొన్నేళ్ల కిందట ఒకావిడ నా చేత అర్జీ రాయించుకున్నారు. ఇళ్లలో పనిచేసే మనిషి. మంచాన పడ్డ ఒక పెద్దావిడను రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండటం ఆవిడ పని. నాలుగు నెలల జీతం బాకీ పెట్టి, ఒక రోజు పొద్దున్నే "రేపటి నుంచి రానక్కర్లేదు" అని చెప్పేశారట. నేను అలవాటు కొద్దీ "అయ్యా, నేను అభాగ్యురాలిని. దయతో నా మొర ఆలకించి..." అని మొదలుపెట్టి, రాసినంత వరకు చదివి వినిపించాను. ఆవిడ కాగితం మీద చెయ్యి పెట్టి ఆపేశారు.

"అభాగ్యురాలు ఏంటమ్మా? నా భాగ్యానికేమైంది? రెక్కలున్నాయి, పని చేశాను. డబ్బులు ఎగ్గొట్టింది వాళ్లు. అది రాయండి."

ఇంకో కాగితం తీసుకుని "నా చేత పని చేయించుకుని నాలుగు నెలల జీతం ఇవ్వలేదు" అని మొదలుపెట్టాం. అప్పటికే నేను పత్రిక డెస్కులో చాలా ఏళ్లుగా వార్తలు దిద్దుతున్నాను. బాధితులు, అభాగ్యులు, అణగారిన వర్గాలు, బడుగు జీవులు... ఈ మాటలు రోజూ నా చేతిమీదుగా అచ్చుకు వెళ్లేవి. ఆ రోజు నుంచి ఒక్కోదాని దగ్గర ఆగి చూడటం అలవాటైంది.

అర్జీ రాసేవాళ్లకు, వార్త రాసేవాళ్లకు, కథ రాసేవాళ్లకు, ఒక మనిషికి జరిగిన అన్యాయం గురించి నలుగురికీ తెలిసేలా పోస్టు పెట్టాలనుకునేవాళ్లకు అందరికీ ఇదే ఇబ్బంది. పక్కపక్కనే నాలుగైదు మాటలు ఉంటాయి. అన్నీ ఒకటేననిపిస్తాయి. నేను మాత్రం ముందు ఒక ప్రశ్న వేసుకుంటాను: ఈ మాట చదివినవాళ్లకు "ఎవరు చేశారు?" అని అడగాలనిపిస్తుందా? అనిపిస్తే ఆ మాట అన్యాయానికి పనికొస్తుంది. అనిపించకపోతే అది దురదృష్టానికో, ప్రకృతి విపత్తుకో, మామూలు కష్టానికో సరిపోయే మాట. తుపానులో ఇల్లు కూలినవాళ్లకూ, పొక్లెయిన్‌తో ఇల్లు కూల్చేసినవాళ్లకూ ఒకే మాట వాడితే రెండో ఇంటి సంగతి సగం చెప్పి వదిలేసినట్టే.

అణగారిన, అణచివేతకు గురైన, అణచివేసిన

తెలుగులో చాలా క్రియలకు జంట ఉంటుంది. మునగడం, ముంచడం. కూలడం, కూల్చడం. నలగడం, నలపడం. విరగడం, విరవడం. మొదటిది దానంతట అది జరిగేది, రెండోది ఒకరు చేసేది. చిన్నప్పుడు అకర్మక, సకర్మక అని బట్టీపట్టి పరీక్ష రాసి మర్చిపోయాం. అన్యాయం గురించి రాసేటప్పుడు మాత్రం ఇంతకన్నా పనికొచ్చే వ్యాకరణ పాఠం లేదు.

అణగడం, అణచడం కూడా అలాంటి జంటే. "అణగారిన" అనేది మొదటి గూటిది. ఆశలు అణగారిపోతాయి, ఉత్సాహం అణగారిపోతుంది, మంట అణగారిపోతుంది. వాటిని ఎవరూ అణచనక్కర్లేదు, వాటంతటవే చల్లారతాయి. "అణగారిన వర్గాలు" అన్నప్పుడు కూడా ఆ వాసన పోదు. కొంతమంది ఎందుకో అలా కిందికి దిగిపోయారన్నట్టు వినిపిస్తుంది. వినడానికి బాగుంటుంది, ఉపన్యాసంలో చక్కగా పలుకుతుంది. అందుకే వేదికల మీద అంతగా నిలబడిపోయింది.

"అణచివేతకు గురైన" అంటే ఒక మెట్టు మెరుగు. అణచివేత అన్నాం కాబట్టి అణచినవాడు ఒకడున్నాడని తెలుస్తుంది, పేరు మాత్రం రాదు. ఇందులో "గురి" అనే మాటను ఒకసారి చూడండి. గురి చూసి కొట్టడంలో ఉన్న గురే ఇది. వివక్షకు గురైన, వేధింపులకు గురైన, దోపిడీకి గురైన అంటున్నామంటే ఆ మనిషిని లక్ష్యంగా పెట్టుకున్న వేరొకరున్నారని మనకు తెలియకుండానే చెబుతున్నాం. వాడి వాడి ఆ పదును పోయింది. "గురైన"ను "గురిచేసిన" అని మార్చి చూస్తే తిరిగి వస్తుంది. "కార్మికులు వేధింపులకు గురయ్యారు" అన్నదాన్ని "సూపర్‌వైజర్ కార్మికులను వేధింపులకు గురిచేశాడు" అని రాయాలంటే సూపర్‌వైజర్‌ను వాక్యంలోకి తేక తప్పదు. ఇంకా నేరుగా "వేధించాడు" అంటే సరిపోతుంది.

కాబట్టి నా ఎంపిక ఇది. ఒక సంఘటన గురించి రాస్తున్నప్పుడు, చేసినవాళ్లెవరో తేలినప్పుడు సకర్మక క్రియ వాడండి: అణచివేశారు, లాక్కున్నారు, వెలివేశారు, ఎగ్గొట్టారు. తరాల తరబడి సాగిన వ్యవస్థ గురించి రాస్తున్నప్పుడు ఒక్కరి పేరు చెప్పడం కుదరదు. అక్కడ "అణచివేతకు గురైన" బాగా ఒదుగుతుంది. "అణగారిన" అనే మాటను నేను మనుషులకు దాదాపు మానేశాను.

ఇదే పరీక్ష "పోవు" చేరిన మాటలకూ పెట్టాలి. మోసపోయారు, నష్టపోయారు, చితికిపోయారు, బలైపోయారు. వీటిలో "మోసపోయారు" మరీ చిక్కైనది. చిట్‌ఫండ్ వాడు డబ్బుతో పారిపోతే "వందల మంది మోసపోయారు" అని హెడ్డింగ్ పెడతాం. చదివినవాళ్లకు మొదట వచ్చే ఆలోచన, అంత తెలివితక్కువగా ఎలా నమ్మారు అని. "వందల మందిని ముంచేశాడు" అంటే ఆలోచన ఆ ముంచినవాడి వైపు తిరుగుతుంది. హక్కులు "కోల్పోవడం" కూడా అంతే. జేబులోంచి తాళంచెవి జారిపోయినట్టు హక్కు జారిపోదు. "ఉద్యోగం కోల్పోయారు" అన్నచోట "ఉద్యోగం నుంచి తీసేశారు" అని రాయగలిగితే రాయండి.

బాధితులు, పీడితులు

మనం ఎక్కువగా వాడేది "బాధితులు". నిజానికి ఇది మంచి మాట. జాలి కోరదు, తిట్టదు, రాజకీయం పులమదు. లోపమల్లా వెడల్పు. వరద బాధితులు, రోడ్డు ప్రమాద బాధితులు, క్యాన్సర్ బాధితులు, కబ్జా బాధితులు, యాసిడ్ దాడి బాధితులు... అందరికీ అదే గొడుగు. అందుకే ముందు ఏ మాట చేరుస్తామన్నది ముఖ్యం. ఒంటరిగా "బాధితులు" అనకుండా దేనికి బాధితులో చెప్పండి. "భూ బాధితులు" అంటే అర్థం కాదు, "భూకబ్జా బాధితులు" అంటే అవుతుంది.

చట్టంలో ఈ మాటకు గట్టి స్థానం ఉంది. 2009 చివర్లో అమల్లోకి వచ్చిన సవరణతో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోకి బాధితుల నిర్వచనం చేరింది. దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా దాన్ని కొనసాగించింది. నేరం వల్ల నష్టమో గాయమో పొందిన వ్యక్తితో పాటు సంరక్షకులు, చట్టబద్ధ వారసులు కూడా అందులోకి వస్తారు. కాబట్టి హత్యకేసులో "బాధిత కుటుంబం" అనడం ఏదో మర్యాదకు అన్నమాట కాదు, చట్టం దృష్టిలోనూ వాళ్లు బాధితులే. పోలీసులకు, కోర్టుకు, కమిషన్‌కు రాసే కాగితంలో అయితే తడుముకోకుండా "బాధితులు" అనే రాయండి. అక్కడ "పీడితులు", "వంచితులు" అని రాస్తే చదివే గుమాస్తాకు అది కవిత్వంలా కనబడుతుంది.

"పీడితులు" బరువైన మాట. పీడించడం అంటే నొక్కడం, పిండటం. ఆ మాటలోనే ఒత్తిడి ఉంది, ఒత్తే చెయ్యీ ఉంది. ఒక్క రోజు జరిగినదానికి కాకుండా రోజూ జరిగేదానికి అది సరిపోతుంది. దారిలో దొంగ గొలుసు తెంపుకుపోతే ఆమె బాధితురాలు. పదేళ్లుగా వడ్డీ మీద వడ్డీ కట్టించుకుంటూ, అసలు అలాగే ఉందంటున్నవాడి కింద నలుగుతున్న కుటుంబాన్ని పీడితులనవచ్చు. అయితే కరువు పీడిత ప్రాంతం, క్షయ పీడితులు అనే వాడుక కూడా ఉంది కాబట్టి, మనుషులు చేసే పీడన గురించి మాట్లాడుతున్నామని వాక్యంలో తెలియాలి. ఇంకొకటి, ఈ మాట చాలా కాలం ఉద్యమాల నోట నానింది. కరపత్రంలో సహజంగా ఉంటుంది, వ్యక్తిగత ఉత్తరంలో ఎత్తుగా వినిపిస్తుంది.

శోషితులు, వంచితులు, తాడితులు లాంటివి ఇప్పుడు మాట్లాడే తెలుగులో లేవు. "వంచితులు" ఒక్కటి అప్పుడప్పుడూ పనికొస్తుంది, రావలసినది రాకుండా చేసినప్పుడు. అక్కడ కూడా "రావలసింది రానివ్వలేదు" అంటే ఇంకా స్పష్టం.

బరువు మోస్తున్నవాళ్లు

అన్యాయం వేరు, బరువు వేరు. కొందరి మీద ఎవరూ దౌర్జన్యం చేయరు. అయినా వాళ్లు మోసేది మామూలు బరువు కాదు. జబ్బు మనిషిని ఏళ్ల తరబడి చూసుకునే కూతురు, ఇద్దరి పని ఒక్కడే చేసే ఉద్యోగి, చిన్న వయసులోనే ఇంటిని నెత్తిన వేసుకున్న పిల్లవాడు. వీళ్లకు "బాధితులు" అనే మాట నప్పదు. వాళ్లే ఒప్పుకోరు. కన్నతల్లికి చేస్తున్న కూతురిని బాధితురాలంటే ఆ తల్లిని నిందించినట్టవుతుంది.

ఇక్కడ తెలుగు మనకు మంచి మాటలిచ్చింది. ఇంటిని నెట్టుకొస్తోంది, సంసారం ఈదుకొస్తున్నాడు, తలకు మించిన భారం, ఊపిరి సలపని పని, సతమతమవుతోంది. "నెట్టుకొస్తోంది"లో కష్టం ఉంది, ఆ మనిషి సత్తువ కూడా ఉంది. "కుంగిపోయింది"లో సత్తువ అయిపోయింది. ఆ రెండింటి మధ్య తేడా పెద్దది. మనిషి ఇంకా నిలబడి ఉండగా కుంగిపోయిందని రాయకండి. అలాగే "టెన్షన్‌లో ఉన్నాడు" అంటే పరీక్ష ముందురోజు అయినా కావచ్చు, ఉద్యోగం పోయే ముందురోజు అయినా కావచ్చు. మాటల్లో సరే, రాతలో ఆ టెన్షన్ దేని గురించో ఒక్క మాట చేర్చాలి.

"భారం" దగ్గర జాగ్రత్త. మోసేవాళ్ల వైపు నుంచి "భారం మోస్తోంది" అంటే సరే. అదే మాట చిటికెలో మోయబడే మనిషి మీదికి తిరుగుతుంది. "ముసలి తల్లి భారమైంది", "కూతురు పెళ్లి భారం". అక్కడ మనిషే బరువైపోయింది. బరువు మనిషి కాదు, పని. "తల్లి వైద్యం ఖర్చు భారమైంది" అనండి. ఒక్క మాట చేరితే ఆ తల్లి గౌరవం ఆవిడకు దక్కుతుంది.

చాకిరీ గురించి కూడా చెప్పాలి. పని, చాకిరీ, గొడ్డు చాకిరీ, వెట్టిచాకిరీ: ఇది మెట్లవరుస. పనికి విలువ ఉంటుంది. చాకిరీ అనగానే చేసినదానికి గుర్తింపు లేదని అర్థం. అందుకే ఇంటెడు చాకిరీ అంటాం, ఇంటెడు ఉద్యోగం అనం. గొడ్డు చాకిరీ అంటే ఒళ్లు హూనమయ్యేంత. ఇక "వెట్టి" అంటే బలవంతం. ఈ చివరి మాటను ఆఫీసులో రెండు గంటలు ఎక్కువ కూర్చోబెట్టినప్పుడు కూడా వాడేస్తుంటాం. నాకు అది నచ్చదు. నిజాం పాలనలో తెలంగాణ పల్లెల్లో దొరల కింద తరతరాలుగా చేసిన చాకిరీ పేరది. 1946లో మొదలైన సాయుధ పోరాటంలో ముందువరుసలో నిలిచిన మాట. రాజ్యాంగం 23వ అధికరణం బలవంతపు చాకిరీని నిషేధించింది, 1976 చట్టం వెట్టి వ్యవస్థను రద్దు చేసింది. అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. 1982లో, ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే గొలుసులు కనబడకపోయినా వెట్టి కావచ్చు. జీతం సరిగా ఇచ్చే చోట పనెక్కువైతే "గొడ్డు చాకిరీ" అనండి. అప్పు చూపించి, కాగితాలు దాచి, కనీస వేతనం ఇవ్వకుండా చేయించుకుంటుంటే అప్పుడు తగ్గకుండా "వెట్టి" అనే రాయండి.

భాగ్యం లేనివాళ్లు, దిక్కు లేనివాళ్లు

అభాగ్యులు, నిర్భాగ్యులు, దురదృష్టవంతులు, దీనులు, అనాథలు, దిక్కులేనివాళ్లు. ఈ గుంపు మాటలతో రాసేవాళ్ల మనసు మంచిదేనని నాకు తెలుసు. నేనూ అలాగే మొదలుపెట్టాను కదా. జాలి నిజమే, కానీ ఈ మాటలన్నీ కారణాన్ని ఆకాశంలో పెడతాయి. భాగ్యం లేదు, అదృష్టం లేదు, నాథుడు లేడు. జీతం ఇవ్వనివాడు ఎక్కడా కనబడడు.

వీటికి ఇంకో ప్రమాదముంది, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. తెలుగులో కష్టపడ్డవాళ్లను చెప్పే మాటలు తిట్లయిపోతాయి. "దిక్కులేనివాడు" అంటే జాలి. "దిక్కుమాలినవాడు" అంటే తిట్టు. రెండింటికీ అర్థం ఒకటే, దిక్కు లేకపోవడమే. నిర్భాగ్యుడు అనేది నిఘంటువులో భాగ్యహీనుడు, కోపంలో ఒక వాత. దరిద్రుడు అంటే బీదవాడు, ఇప్పుడు ఆ మాటను బీదతనానికి వాడేవాళ్లు ఎవరున్నారు? అన్నిటికన్నా ముందు "వెధవ". భర్తను పోగొట్టుకున్న స్త్రీని చెప్పే విధవ అనే మాటే అది. ఆవిడ దుఃఖాన్ని తీసుకెళ్లి మగవాళ్లను తిట్టడానికి వాడుకున్నాం. రోజుకు ఎన్నిసార్లు అంటామో, ఎవరి పేరుతో ఎవరిని తిడుతున్నామో తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

అందువల్ల మనిషికి నేరుగా అంటగట్టే పేరు కన్నా స్థితిని చెప్పే వాక్యం మేలు. "అనాథ" అనే బదులు "అమ్మానాన్నలు లేని పిల్లాడు". "వితంతువు" అవసరమైతే వాడండి, పింఛను కాగితాల్లో అది ఉంటుంది. మిగతా చోట్ల "భర్త చనిపోయారు" అంటే చాలు. చాలా వార్తల్లో అసలు ఆ సంగతే అక్కర్లేదు. "నిస్సహాయులు" అన్నచోట సాయం ఎవరు చేయాల్సి ఉంది, ఎందుకు చేయలేదు అన్నది రాస్తే వార్త బలపడుతుంది. "పాపం" అనే ఊతపదాన్ని మాత్రం నేను కాదనను. నోటి నుంచి అప్రయత్నంగా వచ్చే ఆ మాటలో తడి ఉంది. నోట్లో ఉండనివ్వండి, హెడ్డింగ్‌లోకి మాత్రం రానివ్వకండి.

సమూహాల పేర్లు

ఇక్కడ నియమం చిన్నది: వాళ్లు తమను తాము ఏమని పిలుచుకుంటారో ముందు అది. 1917లో బెజవాడలో సంస్కర్త భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో, అంటరానివాళ్లంటూ దూరం పెట్టిన కులాలవాళ్లు "పంచములు" అనే పేరును వదిలి "ఆది ఆంధ్రులు" అని పిలుచుకున్నారు. ఎవరో ఇచ్చిన అయిదో వరుసను తోసేసి, మొదటివాళ్లం మేమే అని చెప్పిన పేరు అది. తర్వాత గాంధీజీ "హరిజన" అనే మాటను ప్రచారంలోకి తెచ్చారు, 1933లో ఆ పేరుతో పత్రిక పెట్టారు. అంబేడ్కర్ ఆ పేరును ఒప్పుకోలేదు. 1982లో కేంద్ర హోం శాఖ, కుల ధ్రువీకరణ పత్రాల్లో "హరిజన" అని రాయవద్దని రాష్ట్రాలకు చెప్పింది. ఈ రోజు ఆ మాట వాడటానికి ఏ కారణమూ లేదు, పాత సంస్థ పేరులోనో పాత రాతను ఉటంకించేటప్పుడో తప్ప.

"దళిత" అంటే చీలిన, విరగ్గొట్టిన అని. అన్యాయాన్ని దాచకుండా చెప్పే మాట, ఎంచుకున్నదీ వాళ్లే. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ అనే సంస్థవాళ్లు ఆ మాటకు పదును పెట్టారు. తెలుగునాట 1985 జులైలో కారంచేడు ఊళ్లో దళితుల మీద జరిగిన మారణకాండ తర్వాత ఏర్పడ్డ దళిత మహాసభతో అది ఇంటింటి మాటైంది. 2018లో కేంద్ర సమాచార ప్రసార శాఖ, "దళిత్" బదులు "షెడ్యూల్డ్ కులం" అని వాడమని టీవీ చానళ్లకు సలహా ఇచ్చింది. రెండింటికీ చోటుంది. చట్టం, రిజర్వేషన్, కేసు సెక్షన్ గురించి రాస్తే "ఎస్సీ". జీవితం, చరిత్ర, ఉద్యమం గురించి రాస్తే "దళిత". ఒక వ్యక్తి "నన్ను మాదిగ అనే రాయండి" అంటే అలాగే రాయాలి. ఇంకో సంగతి, వార్తలో కులంతో సంబంధం లేనప్పుడు ఏ మాటా రాయనక్కర్లేదు.

"వెనుకబడిన తరగతులు" అధికారిక పేరు కాబట్టి దాన్ని మార్చలేం. మీ సొంత వాక్యంలో మాత్రం, వాళ్లంతట వాళ్లే వెనకబడ్డట్టు కాకుండా "వెనక్కి నెట్టిన" అనడానికి మీకు స్వేచ్ఛ ఉంది. "బలహీన వర్గాలు" అనేది రాజ్యాంగం 46వ అధికరణంలోని భావానికి తెలుగు పేరు. సామాజిక అన్యాయం నుంచి, దోపిడీ నుంచి వాళ్లను కాపాడాలని అదే అధికరణం చెబుతుంది. మనం మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేశాం. "బడుగు" అంటే సన్నని, బక్కచిక్కిన అని. బడుగు బలహీన వర్గాలు అని జంటగా వాడి వాడి ఇప్పుడు అందులో మనుషులు కనబడటం లేదు. రైతుకూలీలైతే రైతుకూలీలని, చేనేత కార్మికులైతే చేనేత కార్మికులని, పారిశుద్ధ్య కార్మికులైతే అలాగని పేరు పెట్టి రాయండి.

వికలాంగులు, దివ్యాంగులు అన్నచోట కూడా ఇదే. 2015 డిసెంబరులో ప్రధాని రేడియో ప్రసంగంలో సూచించాక "దివ్యాంగులు" ప్రభుత్వ కాగితాల్లోకి వచ్చింది. వైకల్యాన్ని దైవత్వంగా చూపొద్దు, ర్యాంపులు కట్టండి అని అభ్యంతరం చెప్పిన హక్కుల సంఘాలున్నాయి. నేను "వైకల్యం ఉన్నవారు" అని రాస్తాను. 2016లో వచ్చిన వైకల్యం ఉన్న వ్యక్తుల హక్కుల చట్టం పేరుకు కూడా అదే దగ్గర.

కేసు నడుస్తున్నప్పుడు

లైంగిక దాడి కేసుల్లో "బాధితురాలు" అనాలా, "సర్వైవర్" అనాలా అని కుర్రవాళ్లు తరచూ అడుగుతారు. రెండోదానికి తెలుగులో స్థిరపడ్డ మాట లేదు. "ప్రాణాలతో బయటపడిన" అంటే బస్సు ప్రమాదంలా ఉంటుంది. "విజేత" అతి. ఆడ, మగ గురించి పాతుకుపోయిన మూస ఆలోచనల మీద 2023లో సుప్రీంకోర్టు విడుదల చేసిన చేతిపుస్తకం రెండు మాటలూ సరైనవేనని, ఆ వ్యక్తి తనకు ఫలానాది కావాలని చెబితే దాన్నే వాడాలని చెప్పింది. అడగగలిగితే అడగండి. లేదంటే "ఫిర్యాదు చేసిన మహిళ" అనేది చక్కటి దారి. అందులో ఆవిడ ఏదో జరిగిపోయిన మనిషి కాదు, ఏదో చేసిన మనిషి. పేరు, ఇల్లు, ఆనవాలు పట్టించే వివరం ఏదీ రాయకూడదు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం రెండేళ్ల వరకు జైలు.

ఇదే చోట అటువైపు మనిషి కూడా ఉంటాడు. నిందితుడు వేరు, దోషి వేరు. తప్పుడు కేసులో ఇరుక్కున్న మనిషికి తీర్పు వచ్చేదాకా "నిందితుడు" అనే రాస్తాం, నిర్దోషి అని తేలాక మాత్రం "విడుదలయ్యాడు" అని ఒక్క ముక్కతో వదిలేస్తాం. ఎన్నేళ్లు జైల్లో ఉన్నాడో కూడా రాయాలి. అతనూ అన్యాయం జరిగిన మనిషే.

జనం నోటి మాట

డెస్కులో కూర్చున్నప్పుడు మర్చిపోతాం గానీ, జనం మాట్లాడే తెలుగు ఈ విషయంలో మనకన్నా ఎంతో ముందుంది. మా పొట్ట కొట్టారు. నోటికాడి కూడు లాగేశారు. నట్టేట ముంచారు. నమ్మించి గొంతు కోశారు. రోడ్డున పడేశారు. మా రెక్కల కష్టం తిన్నారు. మా ఉసురు పోసుకున్నారు. ప్రతి మాటలోనూ చేసినవాళ్లు ఉన్నారు, చేసిన పని కళ్లకు కడుతుంది. ఆ మనిషి "పొట్ట కొట్టారు" అంటే మనం రాసుకుని, ఆఫీసుకొచ్చి "ఉపాధి కోల్పోయారు" అని మార్చేస్తాం. పొట్ట కొట్టినవాళ్లు ఆ మార్పులో తప్పించుకుంటారు.

ఒకే ఒక్కటి తేడాగా ఉంటుంది, "అన్యాయమైపోయాం". గుండెలు బాదుకుంటూ అనే మాట అది. చావుకైనా, దివాలాకైనా అదే. దాన్ని కొటేషన్‌లో ఉన్నదున్నట్టు ఉంచండి, మార్చకండి. కానీ మీరు రాసే వాక్యంలో "అన్యాయం జరిగింది" అని ఊరుకోకుండా, ఎవరు, ఏం చేశారు అన్నది పక్క వాక్యంలోనే రావాలి.

అన్నాడు, అన్నారు

చివరగా, నామవాచకం సరిగ్గా ఎంచుకుని క్రియ దగ్గర జారిపోయే చోటు ఒకటుంది. డెస్కుకు వచ్చే కాపీ ఇలా ఉంటుంది: "తనకు బిల్లు రాలేదని కూలీ వాపోయాడు. విచారణ జరిపిస్తామని అధికారి తెలిపారు." ఒకరికి డు, ఒకరికి రు. ఒకరు వాపోతారు, మొరపెట్టుకుంటారు, గోడు వెళ్లబోసుకుంటారు, కన్నీటి పర్యంతమవుతారు. ఇంకొకరు తెలుపుతారు, వివరిస్తారు, స్పష్టం చేస్తారు. ఆ కూలీ ఏ రోజు ఎన్ని గంటలు పనిచేశాడో, ఎంత రావాలో, ఎవరిని ఎన్నిసార్లు అడిగాడో తేదీలతో సహా చెప్పి ఉంటాడు. అది వాపోవడం కాదు, వివరించడం. ఏడిస్తే ఏడ్చారని రాయండి. ఏడవకుండా చెప్పినదానికి ఏడుపు తగిలించకండి.

నేను ఇప్పుడు ఆ వాక్యాన్ని ఇలా దిద్దుతాను: "ఆరు వారాల బిల్లు ఇవ్వలేదని, మూడుసార్లు ఆఫీసుకు వెళ్లి అడిగామని కూలీలు వివరించారు. విచారణ జరిపిస్తామని అధికారి చెప్పారు." ఇద్దరికీ రు. హెడ్డింగ్‌లో "కూలీల గోడు" తీసేసి, "ఆరు వారాలుగా కూలి ఇవ్వలేదు" అని పెడతాను.